మేడగదిలో చూపిన వస్త్రములు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36-42

 

యొప్పే సముద్రతీరమందున్న పట్టణం. అక్కడ తబితా అనే విశ్వాసి ఉండేది. దొర్కా అని కూడా ఆమెను పిలిచేవారు. ఆమె జబ్బుచేసి చనిపోయింది. స్నానం చేయించి మేడగదిలో పరుండబెట్టారు. దగ్గరలోని లుద్దలో పేతురు ఉన్నాడని తెలిసి కబురు పంపారు. ఆయన వచ్చేసరికి ఆ గది నిండా విధవరాండ్రు ఉన్నారు. వారు ఏడుస్తూ, దొర్కా తమకు కుట్టి ఇచ్చిన వస్త్రాలను ఆయనకు చూపించారు. ఆ గదిలో ఎవరూ ఆమె గురించి ఉపన్యాసం చేసినట్లు లేదు. వస్త్రాలు చూపించారు, అంతే.

నేను సెమినరీలో గ్రీకు భాష నేర్చుకునే రోజుల్లో మా అధ్యాపకులు ఈ భాగంలో ఒక సంగతి చూపించారు. "శిష్యురాలు" అని స్త్రీలింగంలో వచ్చే మాట క్రొత్త నిబంధన అంతటిలో ఈ ఒక్కచోటే కనబడుతుంది. ఆ మాట దొరికింది సూది పట్టిన ఒక స్త్రీకి! పరీక్షలో ఆ సంగతి రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయితే అదే సెమినరీలో చేరడానికి నేను నింపిన దరఖాస్తు సంగతి ఈ రోజు మీ ముందు ఒప్పుకోవాలి.

మాది నరసాపురం దగ్గర పల్లె. మా ప్రాంతంలో 1844లో మెక్రే అనే స్కాట్లాండు మిషనరీ దంపతులు స్త్రీలకు లేసు అల్లిక నేర్పించారని చెబుతారు. అప్పటినుండి అది తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి వస్తూ ఉంది. మా అమ్మ తన తల్లి దగ్గర నేర్చుకుంది. వంట పని కాగానే అరుగు మీద కూర్చునేది. ఒడిలో దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది. రాత్రి పిల్లలు పడుకున్నాక మళ్ళీ దీపం దగ్గర కూర్చునేది. ఏజెంటు వచ్చి కొలిచి, చూసి, ఇచ్చినంత ఇచ్చేవాడు.

అమ్మ దగ్గర డిజైన్ల పుస్తకం లేదు. కాలువలో గుర్రపుడెక్క పువ్వు చూసి వచ్చి అదే పువ్వు దారంతో అల్లేది. కొబ్బరాకు నీడ గోడమీద పడితే చూస్తూ ఉండిపోయేది. రెండు రోజుల తర్వాత ఆ నీడ లేసు అంచుగా కనిపించేది. ప్రత్యక్ష గుడారం కోసం నేర్పుగల స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారని నిర్గమకాండము 35వ అధ్యాయంలో చదువుతాం. మా సంఘంలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లని గుడ్డకు అంచు అమ్మ అల్లిందే. ఆ అంచు ఎవరు చేశారో చాలామందికి తెలియదు. ఆమె చెప్పుకోలేదు.

సెమినరీ దరఖాస్తులో "తల్లి వృత్తి" అని ఒక గడి ఉంది. అందులో నేను "ఏమీ లేదు" అని రాశాను.

ఆ దరఖాస్తుకు కట్టిన రుసుము లేసు డబ్బు. నన్ను సాగనంపుతూ ఆమె రుమాలులో ముడివేసి ఇచ్చింది కూడా లేసు డబ్బే. దరఖాస్తు ఇంగ్లీషులో ఉంది గనుక అమ్మ చదవలేదు. నేనూ ఎన్నడూ చెప్పలేదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మా నరసాపురం లేసు స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. రోజుకు ఎన్నో గంటలు అల్లినా వీరిని ఇంట్లో ఊరకే కూర్చునే గృహిణులుగానే లెక్కిస్తున్నారని అందులో చూపించింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ సంగతి చదివి సిగ్గుపడ్డాను. అలా లెక్కించిన వారిలో నేనూ ఒకణ్ణి.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపరులో పడిన వార్త అమ్మకు చదివి వినిపించాను. "ఇన్నాళ్ళకి తెలిసిందా నాయనా వాళ్ళకి?" అని నవ్వి, మళ్ళీ సూది అందుకుంది. ఆ రోజైనా నా తప్పు ఒప్పుకోవలసింది. నోరు రాలేదు. మరుసటి సంవత్సరం అమ్మ ప్రభువునందు నిద్రించింది.

ఆదరణ కూడికలో నేను ఆమె ప్రార్థన గురించి, విశ్వాసం గురించి చెప్పాను. చేతుల గురించి ఒక్క మాట చెప్పలేదు. కూడిక అయ్యాక మా వీధి చివర ఉండే ఒక అక్క వచ్చింది. కొంగులోంచి చిన్న తెల్లటోపీ తీసి నా చేతిలో పెట్టింది. "మావాడు ఏడో నెలలో పుట్టాడయ్యగారూ. బతకడని అందరూ అన్నారు. మీ అమ్మగారు రాత్రికి రాత్రి కూర్చుని ఈ టోపీ అల్లి తెచ్చారు. బతకడన్న బిడ్డకి టోపీ అల్లిన మనిషి ఆవిడొక్కరే" అంది. ఆ పిల్లవాడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. ఆ రోజు సమాధిపెట్టె మోసినవారిలో అతనూ ఉన్నాడు.

ప్రియులారా, యొప్పేలోని మేడగది నాకు అప్పుడు అర్థమయ్యింది. ఆ విధవరాండ్రు పేతురుకు గుడ్డలు చూపించలేదు. తమను ఎవరూ తలంచని దినాలలో తమను తలంచిన ఒక స్త్రీ ప్రేమను చూపించారు. దేవుడు ఆ ప్రేమను లెక్కలో ఉంచుకున్నాడు. నేను "ఏమీ లేదు" అని రాసినచోట ఆయన "శిష్యురాలు" అని రాయించాడు.

పేతురు మోకాళ్ళూని ప్రార్థించగా దొర్కా లేచింది. మా అమ్మ లేవలేదు. మీలో కొందరి తల్లులూ లేవలేదు. మనం ప్రార్థించలేదా? ప్రార్థించాం. అయితే దొర్కా కూడా మరల ఒకనాడు నిద్రించింది గదా! ఆమెకైనా, మన తల్లులకైనా నిలిచే నిరీక్షణ ఒక్కటే. సమాధిని గెలిచిన క్రీస్తు వారిని లేపుతాడు. ఆ దినాన అమ్మకు చెప్పవలసిన మాట నా దగ్గర ఉంది.

అమ్మ సగంలో వదిలిన లేసును ఇప్పుడు మా అమ్మాయి అల్లుతోంది. తప్పు పడిన చోట కత్తెర తీసుకోబోతే, "మామ్మ తెంపొద్దంది నాన్నా, తప్పు దగ్గరికి వెళ్ళేదాకా విప్పుకుంటూ పొమ్మంది" అని తనకు తానే ఆగింది. మారుమనస్సు గురించి నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఇంత తేటగా ఎన్నడూ చెప్పలేదు. తిమోతికి అతని అవ్వ లోయి, తల్లి యునీకే ఇచ్చిన విశ్వాసమూ ఇలాగే చేతినుండి చేతికి వచ్చి ఉంటుంది.

శ్రోతలారా, మీ తల్లి ఇంకా మీతో ఉంటే ఈ పూటే ఆమె దగ్గర కూర్చోండి. ఆమె చేసిన పనిని పేరుపెట్టి చెప్పి కృతజ్ఞత తెలపండి. నాలాగ ఆలస్యం చేయకండి. ఆమె ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయి ఉంటే, ఆమె చేతులు చేసినవి పెట్టెలోంచి తీసి మీ పిల్లలకు చూపించండి. ఎవరి కోసం చేసిందో కూడా చెప్పండి. ఇంట్లో ఎవరూ లెక్కచేయని పనిలో అలసిపోయిన తల్లీ, నీవు ఈ మాటలు వింటున్నావేమో. నీ పని దేవుని లెక్కలో ఉంది.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మా తల్లుల కోసం, అవ్వల కోసం నీకు స్తోత్రములు. వారి కష్టాన్ని చూడని మా కన్నులను క్షమించుము. వారు మొదలుపెట్టిన ప్రేమకార్యాలను కొనసాగించే చేతులు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.