పిల్లల కీళ్ళ వాపు: పంచాయతీ సభ్యులు గమనింపవలసిన సంగతులు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఊరిలో ఒక పిల్లవాని మోకాలు వాచినదనుకొనుడు. ఎక్కడనో పడినాడందురు, నూనె రాచి మర్దన చేయుదురు, ఆకు వేసి కట్టుదురు. పుత్తూరు కట్టు మన వైపు ప్రసిద్ధమే. కాని విరిగిన ఎముక సంగతి వేరు, దెబ్బ తగులకనే వచ్చి వారములు గడచినను తీయని వాపు సంగతి వేరు. ఈ రెండవదానిని గూర్చియే మేము చెప్పదలచినాము.

మదనపల్లెవారికి మొదట తోచునది క్షయ. 1915లో క్షయ చికిత్సాలయముగా ఆరంభమైన ఆరోగ్యవరము ఆసుపత్రి చెంతనే ఉన్నది గదా! కీళ్ళకును క్షయ సోకును, నిజమే. అయినను వాచిన ప్రతి కీలును క్షయ కాదు.

హిమోఫిలియా అను జన్యులోపముగల మగపిల్లలకు రక్తము త్వరగా గడ్డకట్టదు. కీలులోపల రక్తము కారి వాచును; ఒక్కొక్కప్పుడు అది కంతివలెనే కనబడును. 1963లో అమెరికా వైద్యురాలు జాక్వెలిన్ నూనన్ వర్ణించిన మరియొక లోపము కలదు. ఈ పిల్లలు పొట్టిగా నుందురు. కన్నులు ఎడముగాను, చెవులు క్రిందుగాను ఉండును. పలువురికి గుండె జబ్బుండును. వీరిలో కొందరికి కీలు లోపలి పొర పెరిగి కంతియగును, ఒకేసారి పలు కీళ్ళలోనైనను రావచ్చును. అది సాధారణముగా క్యాన్సరు కాదు. కాని ఉపేక్షించినచో ఎముకను తినివేయును.

చిక్కెక్కడనగా, పైకి అన్నియు ఒకే తీరుగా నుండును. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమియు తెలియకపోవచ్చును. ఎం.ఆర్.ఐ. పరీక్షలో పాత రక్తపు ఇనుము నల్లగా కనబడును. అది కంతిలోను కలదు, హిమోఫిలియా కీలులోను కలదు. కంతియని రూఢిగా చెప్పుటకు చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలెను. రక్తము నిలువని పిల్లవానికి ముందు పరీక్ష చేయక కత్తి పెట్టినచో ప్రాణాపాయము. నూనన్ లోపముగల పిల్లలలోను కొందరికి రక్తము త్వరగా నిలువదు. కావున మొదట రక్తపరీక్ష, పిదపనే సూది. ఇట్టి పిల్లలకు వైద్యుని అడుగక ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు ఈయరాదు.

మేనరికమే దీనికి కారణమని తల్లిని నిందించుట మన గ్రామములలో కలదు. మేనరికము వలన పెరుగు వ్యాధులు కలవు, కాని ఈ రెండును ఆ కోవలోనివి కావు. తల్లిదండ్రులలో ఏ లోపమును లేకున్నను ఇవి బిడ్డలో క్రొత్తగా పుట్టవచ్చును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందము అంగన్‌వాడీకి ఏడాదికి రెండుమారులు, బడికి ఒకమారు రావలెను. ఆనాడు ఆ పిల్లవాడు ఇంటనుండకుండ చూడుడు. కుప్పములోనే వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. అచ్చటినుండి రైలులో బెంగుళూరికిని, కాట్పాడి మీదుగా వేలూరికిని పోవచ్చును.

పోవునపుడు ఆశా కార్యకర్తచేత ఒక కాగితము వ్రాయింపుడు: పాలపండ్లు ఊడినపుడు రక్తము చాలసేపు కారినదా? మేనమామలలో ఎవరైనను రక్తము నిలువక మరణించిరా? ఇంటిలో క్షయ కలదా? గుండె జబ్బని ఎవరైనను చెప్పిరా? మోకాలిలో సూది గ్రుచ్చకముందే ఆ కాగితము వైద్యుని చేతికి అందవలెను.