పీడీఎఫ్ ఎందుకు గెలిచింది, ఎందుకు తరిగింది?

(ఇబ్రహీంపట్నంలో జరిగిన రైతుసంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలు దగ్గర పడితే చాలు, హోటల్ కాడ, కల్లం కాడ మనల్ని ఒక్కటే అడుగుతారు: "ఈసారి ఎర్రజెండాల పొత్తు ఎవరితోటి?" పొత్తు ఏ పార్టీతోనన్నది అందరికీ కావాలి. ఎవరి భూమి కోసమన్నది మాత్రం ఎవరూ అడగరు. ఆ రెండో ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో మన తెలంగాణ చరిత్రే చెబుతుంది. అందుకే ఇవాళ 1952 నుంచి మొదలుపెడుతున్నాం.

ఊరు గుర్తుపట్టిన ఫ్రంట్

1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటాన్ని విరమించారు. కొద్ది నెలలకే తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉంది. అందుకని పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, మన పెద్దలు పీడీఎఫ్ అనేది, ఆ పేరుతో పోటీ చేశారు. అందులో కమ్యూనిస్టులే కాదు, ఇతర ప్రజాస్వామికవాదులు కూడా ఉన్నారు. సరోజినీ నాయుడు కొడుకు డాక్టర్ జయసూర్య మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచింది ఈ ఫ్రంట్ తరఫునే.

హైదరాబాద్ శాసనసభలో 175 స్థానాలుంటే పీడీఎఫ్‌కు 42 వచ్చాయి. కాంగ్రెస్‌కు 93. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడ్డాయి. ఆ ఎన్నికల్లో నెహ్రూకు కూడా అన్ని ఓట్లు రాలేదు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. రిజర్వుడు స్థానంలో సుంకం అచ్చాలు కూడా ఫ్రంట్ తరఫునే గెలిచారు. వరంగల్‌లో పెండ్యాల రాఘవరావు, ఆలేరు అసెంబ్లీకి ఆరుట్ల కమలాదేవి గెలిచారు.

ఫ్రంట్ పేరు కొత్తది, ప్రచారానికి పైసలు లేవు. మరి ఓటు ఎట్లా పడింది? వెట్టి బంద్ చేయించింది ఎవరో, దొర గుంజుకున్న భూమి తిరిగి ఇప్పించింది ఎవరో ఊరికి తెలుసు. ఆంధ్రమహాసభను జనం "సంఘం" అనేవారు. సంఘపోళ్లు నిలబడ్డారంటే చాలు, జెండా మీద పేరేమిటని ఎవరూ అడగలేదు.

ఇదే ఎన్నికల్లో మన ఇబ్రహీంపట్నం కూడా ఒక లోక్‌సభ స్థానం. ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి సాదత్ అలీ ఖాన్ గెలిచారు. సరిహద్దు దాటితే నల్లగొండ. అక్కడ మూడు లక్షల ఓట్లు, ఇక్కడ ఓటమి. పోరాటానికి పట్టుకొమ్మలైన నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో ఫ్రంట్ బలం ఎక్కువగా కనిపించింది. పోరాటం ఎంత లోతుకు దిగిందో ఓటు కూడా అంతే లోతుకు దిగింది.

తరుగుదల ఎక్కడ మొదలైంది

పోరాటం వేడి చల్లారకముందే, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారుకు కాగితం మీద హక్కు దొరికింది. కానీ బేదఖళ్లు ఆగలేదు. "ఇష్టపూర్వకంగా వదులుకున్నాం" అని వేలిముద్రలు వేయించుకుని కౌలుదార్లను భూమి నుంచి దించేశారు. శాసనసభలో వి.డి. దేశ్‌పాండే నాయకత్వాన ప్రతిపక్షం గట్టిగానే మాట్లాడింది. అయితే అసెంబ్లీలో మాట్లాడే గొంతు ఒకటైతే, ఊళ్లో దున్నేవాడి పక్కన నిలబడే సంఘం ఇంకొకటి. మొదటిది నిలిచింది, రెండోది పలచబడింది.

1956లో హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. మరఠ్వాడా, కన్నడ ప్రాంతాల మిత్రులు వేరే రాష్ట్రాలకు పోయారు. 1957లో తెలంగాణలో పీడీఎఫ్‌కు 22 స్థానాలు వచ్చాయి. పాత 42లో ఆ ప్రాంతాల సీట్లూ ఉన్నాయి కాబట్టి రెండు అంకెలను నేరుగా పోల్చలేం. కానీ ఊపు తగ్గిందన్నది నిజం. 1962లో కమ్యూనిస్టు పార్టీ సొంత పేరుతోనే పోటీ చేసి ఆంధ్రప్రదేశ్‌లో 51 స్థానాలు గెలిచింది. 1964లో పార్టీ చీలింది. 1967లో సీపీఐకి 11, సీపీఎంకు 9. రెండూ కలిపినా 20. ఒకే ఊళ్లో ఒకే చేను గట్టు మీద కూర్చున్న ఇద్దరు కూలీలు రెండు జెండాలైతే లాభం ఎవరికో చెప్పనక్కరలేదు.

అరువు నీళ్లతో పారిన మడి

తర్వాతది పొత్తుల కాలం. 1994లో తెలుగుదేశంతో కలిసి సీపీఐ 19, సీపీఎం 15 గెలిచాయి. 1999లో తెలుగుదేశం బీజేపీ వైపు పోయింది. సీపీఐకి సున్నా, సీపీఎంకు రెండు. 2004లో కాంగ్రెస్‌తో కలిస్తే ఆరు, తొమ్మిది. 2009లో మళ్లీ తెలుగుదేశంతో కలిస్తే నాలుగు, ఒకటి.

మన ఇబ్రహీంపట్నంలో 1989, 1994లో కొండిగారి రాములు, 2004లో మస్కు నర్సింహ సీపీఎం నుంచి గెలిచారు. ఇక్కడ పొత్తు ఒక్కటే గెలిపించిందంటే అది అన్యాయం. కూలి పోరాటాలున్నాయి, భూమి పోరాటాలున్నాయి. 2000లో కరెంటు చార్జీలపై వామపక్షాలు నడిపిన ఉద్యమం, ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు ఎవరం మరువలేదు. 2004 తీర్పు వెనుక ఆ నెత్తురు ఉంది. కానీ గెలిపించిన ప్రభుత్వం దగ్గరే 2007లో పేదల ఇళ్లస్థలాలు, భూమి అడిగితే ముదిగొండలో తుపాకులు పేలాయి.

పక్కోని బోరు నీళ్లతో మడి పారితే పంట పచ్చగానే ఉంటుంది. వాడు వాల్వు తిప్పిన రోజే ఎండుతుంది. 2022లో మన పొరుగునే ఉన్న మునుగోడు ఉపఎన్నికలో వామపక్షాలు టీఆర్ఎస్‌కు మద్దతిచ్చాయి, ఆ పార్టీ గెలిచింది. ఏడాది తిరగకముందే 115 మంది అభ్యర్థులను ప్రకటించినప్పుడు వామపక్షాలకు ఒక్క సీటూ వదల్లేదు. ఒంటరి వేదికలదీ అదే కథ. 2018లో బహుజన లెఫ్ట్ ఫ్రంట్ సామాజిక న్యాయం అనే మంచి మాటతో వచ్చింది. ఎన్నికల ఏడాదిలో పుట్టిన వేదిక ఊరి దాకా చేరేలోపే పోలింగ్ వచ్చింది. ఒక్క సీటూ రాలేదు.

ఇప్పటి దున్నేవాడు ఎవరు

1952లో పట్టాదారు, కౌలుదారు ఒకే ఊళ్లో ఉండేవారు. ఇప్పుడు మన మండలాల్లో చాలా భూముల పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. చేను ప్లాట్లయింది. మిగిలిన చేను దున్నేది కౌలుదారు, అతని చేతిలో కాగితం లేదు. 2011 కౌలుదార్ల చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇవ్వాలి, ఇవ్వడం లేదు. 2018లో రైతుబంధు పట్టాదారుకే వచ్చింది. కౌలుదారుకు కూడా ఇస్తామన్న హామీ మీద ప్రభుత్వం మారింది. 2025 జనవరిలో రైతుభరోసా ఏడాదికి ఎకరాకు 12,000 అన్నారు, అదీ పట్టాదారుకే. యాచారం మండలంలో మేడిపల్లి, కుర్మిద్ద, నానక్‌నగర్, తాడిపర్తి రైతులు ఫార్మాసిటీ భూసేకరణపై ఏళ్లుగా కోర్టులు, కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. ప్రభుత్వం మారింది, ఫార్మాసిటీ మాట పోయి ఫ్యూచర్ సిటీ మాట వచ్చింది. భూమి పోయిన రైతుకు పేరు మారితే ఏం ఒరుగుతుంది?

కాబట్టి మనం పెట్టుకోవాల్సిన పనులు మూడు.

ఒకటి, ప్రతి ఊళ్లో కౌలుదార్ల జాబితా మనమే రాయాలి. ఎవరు ఎన్ని ఎకరాలు, ఎన్నేళ్లుగా, ఎంత కౌలుకు దున్నుతున్నారో గ్రామసభలో చదివి తహసీల్దారుకు ఇవ్వాలి.

రెండు, భూసేకరణ గ్రామాల రైతుల వెంట మిగతా ఊళ్ల రైతులు నడవాలి. మన ఊరి మీదికి రాలేదని కూర్చుంటే రేపు మన కోసం వచ్చేవాళ్లుండరు.

మూడు, ఓటు అడగడానికి ఏ పార్టీ వచ్చినా, ఎర్రజెండా పార్టీలైనా సరే, కౌలుదారు గుర్తింపు, భూసేకరణ, మద్దతు ధర మీద ఊరి ముందు రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. పొత్తు పెట్టుకోవద్దని మేము అనడం లేదు. ఈ మూడు అంశాలు లేని పొత్తుకు మన ఊళ్లల్ల బలం ఇవ్వొద్దని అంటున్నాం.

పీడీఎఫ్ అన్న పేరు ఇవాళ ఎన్నికల కాగితాల్లో లేదు. కానీ ఆ 42 సీట్లు తెచ్చిన పద్ధతి పాతబడలేదు. ముందు దున్నేవాడి పక్కన నిలబడ్డారు, ఆ తర్వాతే ఓటు అడిగారు. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ తన ఊరి కౌలుదార్ల జాబితాతో రావాలని కోరుతున్నాం.