మన నెత్తురే మనకు మందా?



బరంపురంలో మగ్గం ముందు కూర్చునే పట్టు నేతగాండ్రకూ, రైలుపెట్టెలు ఎక్కి దిగే మావంటివారికీ మోకాళ్ల నొప్పి చుట్టమే గదా. ఇప్పుడు రోగి నెత్తురునే కొంత తీసి, యంత్రంలో గిర్రున త్రిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను సూదితో కీలులోనికి ఎక్కిస్తున్నారు. గాయం మాన్పే పదార్థాలు ఆ కణాలలో ఉన్నమాట నిజమే. అయితే 2021లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో, 288 మంది అరిగిన మోకాళ్లను ఏడాది తరువాత చూడగా, ఉప్పునీటి సూదికంటె ఇది నొప్పిని చెప్పుకోదగినంత ఎక్కువ తగ్గించలేదు. మోచేతి నొప్పి విషయంలో వైద్యుల వాదం ఇంకా తెగలేదు.

మా మేనత్తగారు ఈ సూదికై గాజులు తాకట్టు పెట్టబోగా మేమే అడ్డుపడి, 1962లో నెలకొన్న మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. ఇప్పుడు ఆమె రోజూ తొడ కండరాలకు వ్యాయామం చేస్తున్నారు; చేసినంతసేపూ తిట్లు మాకే.