ఇంట ఓడి రచ్చ గెలిచిన జట్టు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా నుంచి వచ్చినవాళ్లకు మైకు ఇస్తే ఏం మాట్లాడతారో మీకందరికీ తెలుసు. ఉద్యోగాలు, వీసాలు, అక్కడి రోడ్లు. నేను వాటి జోలికి పోను. ఒక ఆట గురించి మాట్లాడతాను. దాని పేరు బేస్‌బాల్. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మన సంఘం తమ్ముడొకరు, "అన్నా, అది మనోళ్లకు ఎట్ల అర్థమైతది?" అన్నాడు. మేళ్లచెరువు జాతరలో ఎడ్ల పందేలు చూసినవాళ్లకు ఎందుకు అర్థం కాదు? శివరాత్రికి బండ లాగే ఎడ్లు ఎవరివో, ఏ ఊరివో మనకు తెలియదు. అయినా చూస్తూ చూస్తూ ఏదో ఒక జత మీద మనసు పడుతుంది. ఆ జత బండ దగ్గర మొరాయించిందంటే మన ప్రాణం ఉసూరుమంటుంది. అభిమానం అంటే అంతకన్నా వేరే ఏమీ లేదు.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. బంతి విసిరేవాణ్ని పిచర్ అంటారు. అతను బంతిని నేలకు తగలకుండా నేరుగా విసురుతాడు. బ్యాటర్ కొట్టబోయి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే ఔట్. ముగ్గురు ఔటైతే ఆ జట్టు వంతు అయిపోయినట్టే. ఇట్లా ఒక్కో జట్టుకు తొమ్మిది వంతులు. అక్కడికీ సమానంగా ఉంటే తేలేదాకా ఆడతారు. క్రికెట్‌లో మనం సెంచరీలు లెక్కపెడతాం. ఇక్కడ పది సార్లు బ్యాట్ పట్టి మూడు సార్లు సరిగా కొడితే చాలు, గొప్ప ఆటగాడంటారు. అంటే ఏడు సార్లు ఓడిపోవడం గొప్పవాడికి కూడా మామూలే. మన చిర్రగోనె ఆటలో కూడా అంత దయ లేదు.

ఇక సీజన్ సంగతి. మొత్తం 30 జట్లు. మార్చి చివర నుంచి సెప్టెంబరు చివరిదాకా ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. అందులోంచి 12 జట్లు పోస్ట్ సీజన్‌కు వెళతాయి. అది అక్టోబరు నెల పండుగ. మొదటి అంచెలో మూడింట రెండు, తర్వాత ఐదింట మూడు, ఆ తర్వాత ఏడింట నాలుగు గెలవాలి. చివరిది వరల్డ్ సిరీస్. అందులోనూ ఏడింట నాలుగు. ఆరు నెలలు కష్టపడి సంపాదించిన పేరు అక్టోబరులో మూడు నాలుగు రోజుల్లో పోవచ్చు. 2023లో అట్లాంటా జట్టు 104 ఆటలు గెలిచింది, లాస్ ఏంజిలస్ డాడ్జర్స్ 100 గెలిచారు. ఇద్దరూ అక్టోబరులో తమ మొదటి సిరీస్‌లోనే ఇంటిదారి పట్టారు.

నేను 2008లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కు చేరాను. అక్కడ మన తెలుగువాళ్లకు కొదవ లేదు. టాంటెక్స్ అనే తెలుగు సంఘం 1986 నుంచీ ఉంది. బతుకమ్మ వస్తే ఆడవాళ్లు పెద్ద పెద్ద హాళ్లలో ఆడతారు. ఇర్వింగ్ నుంచి అరగంట పోతే ఆర్లింగ్టన్ అనే ఊరు. టెక్సస్ రేంజర్స్ జట్టుది ఆ ఊరే. 1961లో వాషింగ్టన్‌లో పుట్టిన ఆ జట్టు 1972లో ఆర్లింగ్టన్‌కు వచ్చింది. అంటే వాళ్లూ వలస వచ్చినవాళ్లే.

ఆ జట్టు 2010లో మొదటిసారి వరల్డ్ సిరీస్‌కు వెళ్లి, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ చేతిలో 4-1తో ఓడింది. అప్పుడు జెయింట్స్‌కు మేనేజర్ బ్రూస్ బోచీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మరుసటి ఏడు రేంజర్స్ మళ్లీ వరల్డ్ సిరీస్‌కు వెళ్లారు. ఈసారి ఎదుట సెయింట్ లూయిస్ కార్డినల్స్. అప్పటికి 3-2తో రేంజర్స్‌ది పైచేయి. 2011 అక్టోబరు 27న ఆరో ఆట.

ఆ రాత్రి సంగతి నెమ్మదిగా చెబుతాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ 7-5తో ముందున్నారు. కార్డినల్స్‌కు ఇద్దరు ఔట్. బ్యాటర్ డేవిడ్ ఫ్రీస్‌కు రెండు స్ట్రైకులు పడ్డాయి. ఇంకొక్క స్ట్రైక్ పడితే కప్పు మనదే. అతను కొట్టిన బంతి ఫీల్డర్ తల మీదుగా పోయింది. స్కోరు సమానం. పదో ఇన్నింగ్స్‌లో జాష్ హామిల్టన్ హోమ్ రన్ కొట్టాడు. రేంజర్స్ 9-7. మళ్లీ కార్డినల్స్‌కు ఇద్దరు ఔట్, బ్యాటర్‌కు రెండు స్ట్రైకులు. మళ్లీ ఇంకొక్క స్ట్రైకే కావాలి. లాన్స్ బర్క్‌మన్ కొట్టాడు, మళ్లీ సమానం. పదకొండో ఇన్నింగ్స్‌లో అదే ఫ్రీస్ హోమ్ రన్ కొట్టి 10-9తో ఆట ముగించాడు. మర్నాడు ఏడో ఆట 6-2తో పోయింది, కప్పూ పోయింది.

ఏడో ఆట తర్వాత ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన మౌనంగా కూర్చున్నాడు. 1972లో జట్టు వచ్చినప్పటి నుంచీ ఆయన దాని వెంట ఉన్నాడట. ఓదారుద్దామని "మీ వాళ్లు బాగానే ఆడారు" అన్నాను. ఆయన "మేం ఓడిపోయాం" అన్నాడు. ఆటగాళ్ల పేరెత్తలేదు, ఎవర్నీ తిట్టలేదు. తను మైదానంలోకి దిగి ఓడినట్టు చెప్పాడు. నేను "వాళ్లు" అన్నచోట ఆయన "మేం" అన్నాడు. జట్టును చూసేవాడికీ జట్టుకు చెందినవాడికీ ఉన్న తేడా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ చలికాలం ఆయన నాకు కాగితం మీద గీతలు గీసి ఆట నేర్పాడు. వసంతం వచ్చేసరికి నేనూ రోజూ స్కోరు చూడటం మొదలుపెట్టాను.

గెలిచే జట్టు వెంట పోవడం తేలిక. నా తర్వాతి పన్నెండేళ్లలో ఎక్కువ భాగం ఓటములే. 2021లో రేంజర్స్ 102 ఆటలు ఓడారు. 2022లో 94 ఓడారు. ఆ ఏడాది చివర, రిటైరై ఇంట్లో ఉన్న ఒక మేనేజర్‌ను పిలిచారు. ఆయనే బ్రూస్ బోచీ. 2010లో మన చేతి దాకా వచ్చిన కప్పును ఎత్తుకుపోయినాయనే ఇప్పుడు మన ఇంటికి పెద్దదిక్కు.

2023లో 90 గెలుపులు వచ్చాయి. సీజన్ చివరి రోజు సియాటిల్‌లో 1-0తో ఓడటంతో గ్రూపులో మొదటి స్థానం హ్యూస్టన్‌కు పోయింది. రేంజర్స్ వైల్డ్ కార్డ్ దారిన అక్టోబరులోకి వచ్చారు. అంటే చాలా ఆటలు పరాయి ఊళ్లలోనే. సియాటిల్ నుంచి నేరుగా దేశం ఆ చివరనున్న ఫ్లోరిడాకు పోయి, 99 ఆటలు గెలిచిన టాంపా బే మీద రెండుకు రెండు గెలిచారు. బాల్టిమోర్ 101 ఆటలు గెలిచిన జట్టు. వాళ్ల మీద మూడుకు మూడు గెలిచారు. తర్వాత హ్యూస్టన్ ఆస్ట్రోస్. ఆ సిరీస్ మన దసరా రోజుల్లో జరిగింది. ఏడు ఆటలు ఆడితే ఒక్కటి కూడా సొంత మైదానంలో ఆడిన జట్టు గెలవలేదు. హ్యూస్టన్‌లో రెండు మనం గెలిచాం. ఆర్లింగ్టన్‌లో మూడూ వాళ్లు గెలిచారు. మళ్లీ హ్యూస్టన్‌కు పోయి 9-2, 11-4తో రెండూ మనం గెలిచాం. క్యూబా నుంచి వచ్చిన అడోలిస్ గార్సియా ఆ ఒక్క సిరీస్‌లోనే 15 రన్లు తెచ్చిపెట్టాడు. పోస్ట్ సీజన్‌లో ఒక సిరీస్‌కు అది రికార్డు.

మా బ్యాచ్‌వాడు ఒకడు ఇక్కడే వ్యవసాయం చేస్తాడు. వరల్డ్ సిరీస్ అక్కడ రాత్రి ఏడింటికి మొదలైతే మన హుజూర్‌నగర్‌లో తెల్లారి ఐదున్నర. పొలానికి పోయే ముందు ఫోన్ చేసేవాడు.

"ఇయ్యాల ఆట ఇంట్లనా, బయటనా?"

"బయటరా."

"అయితే గెలుస్తరు తీయ్" అని పెట్టేసేవాడు. బేస్‌బాల్ ఒక్కసారి కూడా చూడనివాడికి మా జట్టు గుణం తెలిసిపోయింది.

అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌తో వరల్డ్ సిరీస్ మొదలైన రోజు కూడా అక్టోబరు 27. సరిగ్గా 12 ఏళ్లు. ఆ రోజు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మనం రెండు రన్లు వెనకబడి ఉన్నాం. కోరీ సీగర్ హోమ్ రన్‌తో స్కోరు సమానం చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో గార్సియా కొట్టిన హోమ్ రన్‌తో 6-5. రెండో ఆట సొంత మైదానంలోనే 9-1తో చిత్తుగా పోయింది. తర్వాతి మూడు ఆటలు ఫీనిక్స్‌లో. మూడో ఆటలో గార్సియా గాయపడ్డాడు, ఇక ఆడలేకపోయాడు. అయినా మూడూ గెలిచారు. నవంబరు 1న చివరి ఆట 5-0. 2011లో రెండుసార్లు రాకుండా పోయిన ఆ ఒక్క స్ట్రైక్, ఆ రాత్రి జాష్ స్బోర్జ్ విసిరిన బంతితో వచ్చింది. బ్యాటర్ బ్యాట్ కదపకుండా నిలబడిపోయాడు. జట్టు పుట్టిన 1961 నుంచీ రాని కప్పు వచ్చింది.

పదకొండేళ్ల మా వాడు సోఫా మీది నుంచి ఎగిరి "నాన్నా, మనం గెలిచాం" అన్నాడు. ఇంగ్లీషులో దానికి ఒక్కటే మాట. తెలుగులో "మేం" వేరు, "మనం" వేరు. "మేం గెలిచాం" అంటే నన్ను బయట నిలబెట్టినట్టు. వాడు టెక్సస్‌లో పుట్టినవాడు, నేను హుజూర్‌నగర్‌లో పుట్టినవాణ్ని. ఆ జట్టులో నాకూ చోటిచ్చాడు. పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. ఆ అక్టోబరులో రేంజర్స్ సొంత మైదానంలో ఆరు ఆడితే రెండే గెలిచారు. బయట 11 ఆడి 11 గెలిచారు. బేస్‌బాల్ చరిత్రలో ఒక పోస్ట్ సీజన్‌లో అట్లా ఎవరూ గెలవలేదు. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అని మన పెద్దలు అన్నారు. ఆ మాట తప్పని నేను అనను. కానీ ఇంట గెలవనివాడు రచ్చకు పనికిరాడని మనం దానికి అర్థం చెప్పుకుంటున్నాం. అక్కడే నాకు పేచీ.

ఆ జట్టులో మన రక్తం కూడా ఉంది. కుమార్ రాకర్ అనే పిచర్. వాళ్ల అమ్మ లలిత. ఆమె తల్లిదండ్రులు మన దేశం నుంచి పోయినవాళ్లు. 2021లో మరో జట్టు అతన్ని ఎంచుకుని, చెయ్యి బాగుందో లేదోనన్న అనుమానంతో ఒప్పందం చేసుకోలేదు. 2022లో రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్నారు. 2023లో మోచేతికి ఆపరేషన్ అయింది. 2024 సెప్టెంబరులో పెద్ద ఆటలో తొలి బంతి వేశాడు. ఒక పరీక్షలో పక్కన పెట్టినవాడే మరో పరీక్షలో నిలబడ్డాడు.

కప్పు గెలిచిన మరుసటి ఏడు రేంజర్స్‌కు 78 గెలుపులే వచ్చాయి. పోస్ట్ సీజన్‌కే రాలేదు. కాబట్టి ఓటమి శాశ్వతం కానట్టే గెలుపు కూడా శాశ్వతం కాదు. 162 ఆటలు మనిషి ఏపాటివాడో చెబుతాయి. అక్టోబరు ఆ వారం ఏం జరిగిందో చెబుతుంది. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యకూడదు.

మన బడిలో, మన ఇళ్లలో జరుగుతున్నది అదే. పది నెలలు బడికొచ్చిన పిల్లవాణ్ని మూడు గంటల పేపరుతో తూస్తాం. నాకు ఫోన్ చేసేవాడని చెప్పానే, వాడు పదో తరగతిలో లెక్కలు తప్పాడు. సప్లిమెంటరీలో పాసయ్యాడు. పేరు చెప్పను, ఈ హాల్లోనే మూడో వరుసలో తల వంచుకుని నవ్వుతున్నాడు. ఈ రోజు మన సంఘం లెక్కలన్నీ పైసాతో సహా రాసేది వాడే. కానీ ఫలితాలొచ్చిన రోజు వాడి పేరు ఎవరూ చదవలేదు. సప్లిమెంటరీ పాసైన రోజు కూడా చదవలేదు.

అందుకే సంఘానికి ఒక మనవి. ఏటా పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు మనం బహుమతులిస్తున్నాం. అవి అట్లాగే ఉండనివ్వండి. వాటితోపాటు, తప్పి మళ్లీ రాసి సప్లిమెంటరీలో పాసైన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఇదే వేదిక మీద, ఇదే మైకులో పేరు చదివి ఒక బహుమతి ఇద్దాం. దానికయ్యే ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. గురువులు ఒప్పుకుంటే వచ్చే జూన్ నుంచే మొదలుపెడదాం. వాళ్లు కూడా మన బడి పిల్లలే.