అన్యాయానికి గురైనవాడు మనవాడే

సమస్త లోకాల పోషకుడైన అల్లాహ్‌ను మనం స్తుతిస్తున్నాం. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి శుభాలు కురవాలని వేడుకుంటున్నాం.

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు నమాజు వరుసలోనే కాదు, కూలి లెక్కలో కూడా కనబడాలి. కొలతల్లో, తూనికల్లో తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తూ దివ్యఖుర్‌ఆన్‌లో ఒక సూరాయే ఉంది. అది 83వ సూరా, అల్ ముతఫ్ఫిఫీన్. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగవేసినవానికి వ్యతిరేకంగా ప్రళయదినాన అల్లాహ్ తానే స్వయంగా వాదిస్తాడని ప్రవక్త (స) తెలియజేశారు.

మన హక్కు పోయినప్పుడు మనం మాట్లాడతాం. మన జాతివాడు, మన ఊరివాడు కానివాని హక్కు పోయినప్పుడు ఏం చేయాలి? దీనికి సమాధానం ప్రవక్త (స) యౌవనంలోనే ఉంది. యెమెన్‌లోని జబీద్ నుండి ఒక వ్యాపారి మక్కాకు వచ్చాడు. ఖురైష్ ప్రముఖుడైన ఆస్ బిన్ వాయిల్ అతని సరుకు తీసుకొని సొమ్ము ఇవ్వలేదు. ఆ పరదేశికి మక్కాలో తెగ లేదు, అండ లేదు. అతని మొర విని ప్రవక్త (స) పినతండ్రులలో ఒకరైన జుబైర్ బిన్ అబ్దుల్ ముత్తలిబ్ చొరవ తీసుకున్నారు. అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట పలు వంశాలవారు సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే, అతని హక్కు అతనికి దక్కేవరకు కలిసి నిలబడతామని ప్రతిజ్ఞ చేశారు. ఆ పెద్దల మధ్య సుమారు ఇరవై ఏళ్ల ముహమ్మద్ (స) కూడా ఉన్నారు. వ్యాపారి సొమ్ము అతనికి చేరింది. ఇదే హిల్ఫుల్ ఫుజూల్. ఇస్లాం వచ్చిన తరువాత కూడా, అటువంటి ఒప్పందానికి పిలిస్తే వెళతానని ప్రవక్త (స) అన్నారు.

సోదరులారా! ఆ ఒప్పందపు స్ఫూర్తి మన కాలానికి దగ్గరలో, అమెరికాలోని కాలిఫోర్నియా ద్రాక్షతోటలలో కనిపించింది. అక్కడ ఫిలిప్పీన్స్ కూలీలు పని ఆపితే యజమానులు మెక్సికన్లను దింపేవారు; మెక్సికన్లు ఆపితే ఫిలిప్పీన్స్ వారిని దింపేవారు. ఒకరి ఆకలే మరొకరిపై ఆయుధమయ్యేది. 1965 సెప్టెంబరు 8న డెలానోలో లారీ ఇట్లియాంగ్ నాయకత్వాన ఫిలిప్పీన్స్ కూలీలు గంటకు 1.40 డాలర్లు కోరుతూ సమ్మెకు దిగారు. వారిలో అనేకులు వయసు మళ్లినవారు. తెల్లజాతి స్త్రీలను వివాహమాడరాదన్న నాటి చట్టం వల్ల చాలామంది కుటుంబం లేకుండానే ముసలివారయ్యారు. సెజార్ చావెజ్, డొలోరెస్ హుయెర్టాల సంఘంలోని మెక్సికన్ కూలీలు సెప్టెంబరు 16న వారితో చేరాలని తీర్మానించారు. మరుసటి ఏడు రెండు సంఘాలు ఒక్కటయ్యాయి. ఊరూరా ప్రజలు ద్రాక్ష కొనడం మానివేశారు. అయిదేళ్లకు, 1970 జూలైలో, డెలానో యజమానులు ఒప్పందంపై సంతకం చేశారు.

ఆ ఒప్పందాల గడువు తీరాక 1973లో మళ్లీ సమ్మె జరిగింది. ఆ సమ్మెలో యెమెన్ నుండి వెళ్లిన 24 ఏళ్ల ముస్లిం యువకుడు నాజీ దైఫుల్లా ఉన్నాడు. ఆంగ్లం తెలిసినందున తోటి అరబ్బు కూలీలకు దుబాసీగా తోడ్పడేవాడు. ఆగస్టులో ఒక పోలీసు అధికారి లోహపు టార్చితో తలపై కొట్టిన దెబ్బకు మరణించాడు. ఆ వెంటనే, సమ్మెలో నిలబడి ఉన్న 60 ఏళ్ల మెక్సికన్ కార్మికుడు హువాన్ డి లా క్రూజ్ తుపాకీ కాల్పులకు బలయ్యాడు. ఒకరు యువకుడు, మరొకరు వృద్ధుడు. భాష వేరు, మతం వేరు. నాజీ శవపేటిక వెంట వేలాది కూలీలు నడిచారు. అతడు ఎవరివాడని వారు ప్రశ్నించలేదు. 1974లో, దిక్కులేని వృద్ధ ఫిలిప్పీన్స్ కార్మికుల కోసం డెలానోలో ఒక నివాసాన్ని కట్టి ముగించారు. దేశదేశాల స్వచ్ఛంద సేవకులు దాని నిర్మాణంలో చేయి కలిపారు.

ఇక మన సంగతి చూద్దాం. ఒడిశా నుండి, బీహారు నుండి వచ్చినవారు మన ఇటుక బట్టీలలో, భవన నిర్మాణాలలో శ్రమిస్తున్నారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు మన బిడ్డలు గల్ఫ్ దేశాలలో అదే విధంగా పరదేశులై ఉన్నారు. అక్కడ మన బిడ్డకు కోరే న్యాయం ఇక్కడి పరాయివానికి ఇవ్వకపోతే మన దుఆకు ఏ ముఖం మిగులుతుంది?

కనుక మన వద్ద పనిచేసేవారి బాకీ నేడే తీర్చుదాం. కూలి మాట ముందే చెప్పి, కాగితంపై రాద్దాం. అనుభవమున్న పెద్దలు, చదువుకున్న యువకులు కలిసి కూర్చొని, కూలి అందనివాని వెంట కార్మిక శాఖ కార్యాలయానికి వెళదాం. అతడు ఏ మతస్థుడని అడగవద్దు. ఒంటరిగా వెళ్లినవానిని గుమ్మం వద్దే తిప్పి పంపుతారు. పదిమంది వెంట ఉంటే అతని అర్జీని చేతికి తీసుకుంటారు.

ఓ అల్లాహ్! మా సంపాదనలో ఇతరుల చెమట బాకీ లేకుండా చేయి. పీడితుని పక్షాన నిలిచే ధైర్యాన్ని మా పెద్దలకు, మా పిల్లలకు కలిపి ప్రసాదించు. పరదేశంలో ఉన్న మా బిడ్డలను కాపాడు. ఆమీన్.