ఉద్యోగమను మాటకు రెండర్థములు

(మా సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



జీవితములో మనము కోరుకొన్న దారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించినారు. ఇరువది సంవత్సరములుగా ఇతరుల కాగితములపై అభిప్రాయము వ్రాయుటకు అలవాటుపడిన నాకు, సొంత అభిప్రాయము చెప్పుట కొంచెము కష్టమైన పనియే. అయినను ప్రయత్నింతును.

మొదట ఒక మాటను గూర్చి ఆలోచింతము. మహాభారతములో ఐదవ పర్వమునకు ఉద్యోగపర్వమని పేరు. అందులో ఎవరికిని కొలువు దొరకలేదు. విరాటుని కొలువులో ఏడాది గడిపిన పాండవులు ఆ కొలువును విడిచిన తరువాతనే ఉద్యోగపర్వము మొదలగుచున్నది! ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక. అంత పెద్ద మాటను మనము కాలక్రమమున నెలజీతమునకు కుదించుకొన్నాము. కనుక కొలువు వేరు, ఉద్యోగము వేరు. ఒకే మనిషియందు ఈ రెండును ఇమడగలవా అనునదే నేటి ప్రశ్న.

మనలో చాలమంది ఈ రాజధానికి వచ్చినది ఇక్కడి ఎండలమీదను చలిమీదను మోజుతో కాదు. పోటీపరీక్షలో పేరు వచ్చినది, ఇంటిలో అవసరమున్నది, రైలెక్కినాము. నా సంగతియు అంతే. బి.ఏ.లో చరిత్ర చదివినాను. శాసనములు చదువుట నేర్చుకొని పరిశోధకుడను కావలెనని ఉండెడిది. తండ్రిగారు పోయిన తరువాత ఈ కొలువును స్వీకరించినాను. అందుకు చింతించుట లేదు. ఈ జీతముతోనే ఇద్దరు తమ్ముళ్ళు చదువుకొన్నారు. మా అమ్మగారు నిశ్చింతగా ఉన్నారు. కొలువును తిట్టుచు కొలువుచేయుట నాకు నచ్చదు.

అయితే ఈ మధ్య మా శాఖలోని ఒక యువకుడు భోజనవిరామమున నా గదికి వచ్చి, “సార్, నాకు రచనయే జీవితమనిపించుచున్నది. రాజీనామా ఇచ్చివేయుదునా?” అని అడిగినాడు. అతనికి భార్య, రెండేండ్ల పాప ఉన్నారు. ఊరిలో తల్లిదండ్రులు అతని మనియార్డరు కోసము కాకపోయినను, బ్యాంకులో పడు సొమ్ము కోసము ఎదురుచూచువారే. వెంటనే జవాబు చెప్పలేక, రెండు వారములు గడువు కోరినాను. నేడు చెప్పబోవునది ఆ జవాబే.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. అప్పటికి వారికి పదునేడేండ్లు. తండ్రి లేని కుటుంబము. కొలువు అవసరమై చేరినారు. పాఠములు చెప్పుచునే ప్రైవేటుగా చదివి పట్టభద్రులైనారు. శాసనలిపులను స్వయముగా నేర్చుకొన్నారు. ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసింతురు. వారి భాష మన తెలుగువలె ద్రావిడభాష కాదు, ముండా కుటుంబమునకు చెందినది. అప్పటికి లిపియు లేదు. పంతులుగారు ఆ భాష తెలిసిన మనిషిని ఇంటిలో ఉంచుకొని మాట మాటగా నేర్చినారు. కొండలెక్కి సవరల మధ్య తిరిగినారు. మలేరియా సోకినది. దానికై వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నది. ధ్వనులను వెదకిన మనిషికి చెవులే సహకరించలేదు! అయినను 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించినారు. కొలువులో చేరిననాటినుండి నిఘంటువు వెలువడువరకు 58 సంవత్సరములు. వాడుకభాష కొరకు వారు చేసిన పోరాటము మీకందరికిని తెలిసినదే; వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. నేనిప్పుడు పలుకుచున్న ఈ గ్రాంథికపు వాసనను చూచి వారు నవ్వెడివారేమో, క్షమింతురుగాక.

ఇందులో నేను గమనించినది ఒకటి. పంతులుగారు సవరభాష నేర్చుటకై పర్లాకిమిడికి వెళ్ళలేదు. కొలువు వారిని అక్కడికి తీసికొనిపోయినది. వారి స్వప్నము అక్కడ వారికి ఎదురైనది. కళ్ళు తెరిచి చూచినందున దొరికినది.

అట్లని అందరికిని ఇదే దారి అనను. ఇల్లు విడువక తప్పనివారును ఉందురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షను మూడవ ప్రయత్నమున గాని దాటలేదు. స్ప్రూ అను వ్యాధికి సోదరులను పోగొట్టుకొన్నారు. వైద్యము చదివి, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పుచు, 1922లో ఆ కొలువును విడిచి అమెరికా వెళ్ళినారు. అక్కడ ఎర్రతివాచీ పరచినవారు లేరు. ఆసుపత్రిలో చిన్నపనులు చేసి పొట్టపోసికొన్నారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి, కండరములకు శక్తినిచ్చు పదార్థములపై పేరెన్నికగన్న పరిశోధన చేసినారు. అయినను అక్కడ స్థిరమైన స్థానము దొరకలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరినారు. ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, బోదకాలు వ్యాధికి నేటికిని వాడు డి.ఇ.సి. మందు—ఇవి అక్కడ వారి నాయకత్వమున సాగిన కృషిఫలములు. 1948లో 53వ యేట కన్నుమూసినారు. గోదావరి జిల్లాలలో ఇల్లిల్లు తిరిగి ఇచ్చిన ఆ మాత్రను మింగినవారిలో వారి పేరు తెలిసినవారెందరు?

“ఉద్యోగము పురుషలక్షణ”మని పెద్దలు చెప్పెడివారు. ఆ మాటకు ఈ నగరమునందే సమాధానమున్నది. రాజమహేంద్రవరమున 1909లో పుట్టిన దుర్గాబాయిగారికి ఎనిమిదవ యేటనే వివాహము చేసినారు. పెద్దదైన తరువాత ఆమె ఆ బంధమును కాదనుకొన్నారు. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు వెళ్ళినారు. చెరనుండి వెలువడి, ఇరువదియేండ్లు దాటిన తరువాత మెట్రిక్యులేషనుకు కూర్చున్నారు. 1942లో న్యాయశాస్త్ర పట్టము పొందినారు. రాజ్యాంగసభలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనారు. మన పిల్లలు చదివిన పాఠశాలలను నడుపు ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని 1948లో స్థాపించినది ఆమెయే. మెట్రో గులాబి మార్గముపై సౌత్ క్యాంపస్ స్టేషను ఆమె పేరనే ఉన్నది. “ఇక నాకేమి చదువు, వయసు దాటినది” అనుకొను సోదరీమణులు ఆ స్టేషనులో దిగునప్పుడు ఒక్కసారి ఆ పేరు చదువవలెనని నా మనవి.

ఈ ముగ్గురిలో ఒకరు కొలువులో నిలిచినారు, ఒకరు విడిచినారు, ఒకరు ఆలస్యముగా మొదలిడినారు. దారులు వేరు, సామాన్యమైనది ఒక్కటే. వారి నిర్ణయము ఒకనాడు జరిగియుండవచ్చును. ఆ నిర్ణయమును నిలుపుకొనుట మాత్రము ప్రతిదినము జరిగినది. ఆత్మవిశ్వాసమనగా “నేను గెలుతును” అను ధీమా అని మనమనుకొందుము. నాకట్లు తోచదు. ఫలితము తెలియకున్నను మరునాడు మరల అదే పనికి కూర్చుండుటయే ఆత్మవిశ్వాసము.

నా సంగతి చిన్నది, ఉదాహరణకై చెప్పుదును. మా ప్రభుత్వ గృహసముదాయములో శ్రీకాకుళము మొదలు అనంతపురము వరకు, ఆదిలాబాదు మొదలు నెల్లూరు వరకు ఉన్న కుటుంబములు ఒకే మెట్లపై కలిసి నడచును. ఇట్టి కలయిక మన ఊళ్ళలో దొరకదు. ఒకరు సొరకాయ అన్నదానిని మరొకరు ఆనపకాయ అందురు. ఒకరి కొబ్బరికాయ ఇంకొకరికి టెంకాయ. వేరుసెనగకాయలు ఒకరికి పల్లీలు, మరొకరికి బుడ్డలు. శాసనములు నాకు దూరమైనవి గాని, మాటలు నా గుమ్మము ముందే ఉన్నవి. తొమ్మిదేండ్లుగా ఆదివారము ఉదయమున ఒక గంట మన పెద్దమ్మలవద్ద, బామ్మలవద్ద కూర్చుండి వంటింటి మాటలు, పొలము మాటలు వ్రాసికొనుచున్నాను. ఇప్పటికి ఆరు నోటుపుస్తకములైనవి. నాకు మాటలు చెప్పినవారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. వారి మనుమలకు ఆ మాటలు రావు. ఈ పుస్తకములు అచ్చగునో కావో నాకు తెలియదు. వచ్చు ఆదివారము మాత్రము కూర్చుందును.

నియమములు అడ్డమని కొందరందురు. 1964 నాటి మన ప్రవర్తన నియమావళి, విధులకు భంగము రానిచో, అప్పుడప్పుడు చేయు సాహిత్య, కళా, శాస్త్రసంబంధమైన కృషికి ముందు అనుమతి అడుగనక్కరలేదని చెప్పుచున్నది. ఐదేండ్ల సర్వీసు నిండినవారికి, చదువు తమ విధులకు ఉపకరించునదైనచో, సాధారణముగా మొత్తము 24 నెలలవరకు అధ్యయనపు సెలవు కలదు. సర్కారు మూసిన తలుపులకంటె మనము తట్టని తలుపులే ఎక్కువ.

ఇక ఆ యువమిత్రునికి జవాబు. “నాయనా, గడచిన నెలలో ఎన్ని దినములు వ్రాసితివి? వ్రాసిన పుటలు నీ బల్లపై ఉన్నచో, అవి నీ కొలువులో ఇమడనంతగా పెరిగినచో, ఇంటివారితో కూర్చుండి లెక్కలు వేసికొని, ఏడాదికి సరిపడు సొమ్ము కూడబెట్టుకొని అప్పుడు విడువుము. నేనే స్వయముగా దీవింతును. పుటలు లేనిచో, రాజీనామా వాటిని తెచ్చిపెట్టదు. ఈ రాత్రియే ఒక గంటతో మొదలిడుము.”

తల్లిదండ్రులతో ఒక్క మాట. మన పిల్లవాడు ఇంజనీరింగు వద్దనినప్పుడు, అమ్మాయి వివాహమునకు ముందు పరిశోధన చేయుదునన్నప్పుడు, “నీకు అన్నమెట్లు?” అని అడుగుట మన హక్కు, మన బాధ్యత. కాని దానితోపాటు “ఏదీ, నీవు చేసిన పని చూపుము” అనికూడ అడుగుదము. మొదటి ప్రశ్న వారిని భయపెట్టవచ్చును; రెండవ ప్రశ్న వారిని నిలబెట్టును. పని చూపిన బిడ్డకు మనము తోడుండవలెను.

కొలువునకు అరువదియేండ్లకు విరమణ కలదు. ఉద్యోగమునకు విరమణ లేదు. ఈ నూతన సంవత్సరమున మీ ఇంటింట అట్టి ఉద్యోగపర్వము ఆరంభమగుగాక.