చేతి తొట్రుపాటు బుద్ధిమాంద్యము గాదు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఎనిమిదేండ్ల బాలుడు విన్న కథను విన్నట్లు ఒప్పజెప్పును. కాని చొక్కా గుండీలు పెట్టుకొనలేడు. అన్నము కలుపుకొన్నచో సగము విస్తరి వెలుపల బడును. వ్రాసిన అక్షరములు గీత దాటును. విసరిన బంతి చేతికి చిక్కదు. ఇంటివారు సోమరి యందురు. బడిలో మొద్దు అందురు. తోడివారు ఆటకు రానీయరు. అష్టావక్రుని వంకర మేను జూచి జనకుని కొలువువారు నవ్విరని చెప్పుకొందుము. ఆ నవ్వు నేటికిని మన వీథులలో వినబడుచునే యున్నది.

ఇట్టి పిల్లలను గూర్చి 1962లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకీయము ప్రకటించినది. 1994లో కెనడాలోని లండన్ నగరమున గూడిన నిపుణులు దీనిని 'డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్' అని పిలువ సమ్మతించిరి. బడియీడు పిల్లలలో నూటికి 5, 6గురికి ఇది యుండును. లోపము తెలివియందు లేదు. తలచిన పనిని మెదడు వరుసగా గూర్చి అవయవములచే జేయించుటయందున్నది.

మొదట పిల్లల వైద్యునికి జూపి, కంటిజబ్బు, నరముల జబ్బు కాదని తెలిసికొనవలెను. వచ్చిన పని మఱచిపోవుచున్నచో జాగు చేయరాదు. ఈ లోపమును మాన్పు మందు లేదు. అభ్యాసము కూసు విద్య యన్న సామెతయే యిచ్చట చికిత్స. ఏ పని రాదో ఆ పనినే చిన్న మెట్లుగా విడదీసి, దినదినము కొద్దిసేపు చేయింపవలెను. గుండీని పెద్దలు సగము దూర్చి, తక్కిన సగము బిడ్డచే లాగింపవచ్చును. ఏమి చేయవలెను, ఎట్లు చేయవలెనని బిడ్డయే యోచించి, చేసి, సరిచూచుకొను పద్ధతి కెనడాలో వెలసినది. ఆక్యుపేషనల్ థెరపిస్టులు దీనిని నేర్పుదురు.

పెద్దయినచో అదే పోవుననుట సరిగాదు. సగముమందికి పైగా యౌవనమునను ఇది నిలిచియుండును. అయినను నేర్చిన పని నేర్చినట్లే యుండును. బిడ్డను క్రుంగదీయునది తొట్రుపాటుకన్న పరిహాసము. దానివలన ఆట మానును, ఒంటరియగును, దిగులు పట్టును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యములలో 'డిస్ప్రాక్సియా'ను పేర్కొన్నది. ధ్రువపత్రముతో పరీక్షయందు అదనపు సమయము కోరుటకు అది ఆధారము.

పుస్తకము చదువుటకు దస్తూరీ చక్కగా నుండనక్కఱలేదు. అట్టి బాలుడు ఈ గ్రంథాలయమునకు వచ్చి పుస్తకము జార్చినచో, నవ్వక, తీసి చేతికిచ్చి, చెంత కూర్చుండబెట్టుకొనుడు.